రాధామనోహరం తీగను చదవడం ఎలా: ముల్లు నుంచి పువ్వు దాకా, ఆపైన కత్తెర దాకా

రాధామనోహరం పెంచేవాళ్లు అడిగే ప్రశ్నలు ఎక్కువగా నాలుగే. గోడను ఎందుకు పట్టుకోవడం లేదు? ఇంత ఏపుగా పెరిగినా పువ్వు ఎందుకు రావడం లేదు? ఎక్కడ కత్తిరించాలి? నాటింది ఇక్కడైతే అక్కడ ఎందుకు మొలుస్తోంది? ఈ నాలుగింటికీ జవాబు మొక్క ఒంటి మీదే ఉంది. ముల్లు ఎక్కడ పుట్టింది, ఆకులు ఎలా అమరాయి, పూలగుత్తి కొమ్మలో ఏ చోట వచ్చింది, వేళ్లు ఏం చేస్తున్నాయి అన్నవి ఒక్కసారి నిదానంగా చూస్తే, కత్తెర ఎక్కడ పెట్టాలో ఇంకెవరినీ అడగక్కర్లేదు. అందుకే ఇక్కడ ముందు చూడటం, తర్వాతే చెయ్యి పెట్టడం.

ముందుగా పేరు. శాస్త్రీయంగా ఇది కాంబ్రీటం ఇండికం. పాత పుస్తకాల్లోనూ, చాలా నర్సరీల్లోనూ క్విస్‌క్వాలిస్ ఇండికా అని కనిపిస్తుంది. అది 1762లో లిన్నేయస్ పెట్టిన పేరు. రెండూ ఒకే మొక్క, కంగారు పడొద్దు. రంగూన్ క్రీపర్ అన్నా ఇదే. కుటుంబం కాంబ్రిటేసీ. తెల్లమద్ది, కరక్కాయ, తాని, నాటు బాదం చెట్లన్నీ ఈ కుటుంబానివే. అంత పెద్ద పెద్ద చెట్లున్న కుటుంబంలో పుట్టిన తీగ ఇది. ఆ బంధుత్వం కాయ దగ్గరికి వెళ్లినప్పుడు మీకే తెలుస్తుంది.

ఏమేం కావాలి

పది రెట్లు పెద్దగా చూపించే చేతి భూతద్దం, కొత్త బ్లేడు, చిన్న స్కేలు, మూడు రంగుల దారపు ముక్కలు, ఒక నోట్‌బుక్. ముదురు తీగకు ముళ్లుంటాయి కాబట్టి మందపాటి గ్లౌజులు. పందిరి కింద నిలబడి పైకి చూస్తూ కొమ్మలు లాగేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి. ముల్లు కంటి దగ్గర గీరుకుంటే మామూలు గాయంతో పోదు.

మొదటి మెట్టు: ఇది ఎలాంటి తీగ?

నేల దగ్గర మొదలు పట్టుకుని చూడండి. లేత కొస ఆకుపచ్చగా, సన్నటి గోధుమరంగు నూగుతో మెత్తగా ఉంటుంది. అదే కొమ్మను వెనక్కి మొదలు వైపు తడుముకుంటూ వస్తే నూగు రాలిపోయి, బెరడు గోధుమరంగుకు తిరిగి, చివరికి గట్టి చెక్క చేతికి తగులుతుంది. ఏటేటా చావకుండా, ఇలా చెక్కబారుతూ ఎగబాకే వాటిని దారుతీగలు అంటారు. చిక్కుడు, కాకర లాంటి మెత్తటి తీగలకూ వీటికీ ఇదే తేడా. రాధామనోహరం మామూలుగా 8 మీటర్ల దాకా సాగుతుంది. మంచి ఆధారం, ఎండ దొరికితే అంతకు మించి కూడా పోతుంది.

కత్తిరించి పారేయబోయే ముదురు కొమ్మ ఏదైనా ఉంటే బ్లేడుతో అడ్డంగా నున్నగా కోసి భూతద్దంతో చూడండి. చెక్కలో సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి. అవి నీళ్లు పైకి మోసే నాళాలు. తన బరువు తాను మోయక్కర్లేని మొక్క కాబట్టి దారుతీగ చెక్క మీద పెట్టాల్సిన ఖర్చు తగ్గించుకుంటుంది. సన్నటి కాండంలోనే వెడల్పాటి నాళాలు పెట్టుకుని దూరాన ఉన్న ఆకులకు నీళ్లు తోస్తుంది. తీగ వంగేది, చెట్టు కొమ్మ విరిగేది అందుకే. కోసిన తీగ ముక్క ఎండలో చూస్తుండగానే వాడిపోవడానికీ ఈ వెడల్పాటి నాళాలే చాలావరకు కారణం. మొక్కలు చేద్దామని కొమ్మలు కోస్తే ఆ క్షణమే నీళ్ల బకెట్‌లో పెట్టమనేది ఇందుకే.

ఇక ఎలా ఎక్కుతుందో చూడండి. తీగలు ఎక్కే పద్ధతులు ముఖ్యంగా నాలుగు. కొన్ని కాండాన్నే చుట్టేస్తూ పోతాయి, మాధవీలతలాగా. కొన్ని ద్రాక్షలాగా నులితీగలు వేస్తాయి. మనీప్లాంట్ లాంటివి కణుపుల దగ్గర వేళ్లు పుట్టించి గోడకు అంటుకుంటాయి. మిగిలినవి పక్కనున్న కొమ్మల మీదికి వాలి, ముళ్లతో తగులుకుని పైకి పాకుతాయి. రాధామనోహరం కొమ్మను జానెడు జానెడు చొప్పున వెతకండి. నులితీగ దొరకదు, అంటుకునే వేరు దొరకదు. దొరికేది ముల్లే. కొస కొమ్మలు సన్నటి కర్రో తీగో దొరికితే కాస్త మెలితిరుగుతాయి, అంతకంటే ఎక్కువ ఆశించొద్దు. మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే వచ్చేసింది. నున్నటి గోడను పట్టుకునే అవయవం ఈ మొక్కకు లేదు. ఎన్నేళ్లు ఎదురు చూసినా పట్టుకోదు. ఆధారం మీరే ఇవ్వాలి, మీరే కట్టాలి.

రెండో మెట్టు: ఆకు

ఆకు దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. విడి ఆకు, అంచు నున్నగా ఉంటుంది, రంపపు పళ్లు ఉండవు. కోలగా, కొస వైపు సాగి, సుమారు 7 నుంచి 15 సెంటీమీటర్ల పొడవు. అడుగున ఈనెల వెంట నూగు. చూడాల్సింది అమరిక: ఒక్కో కణుపు దగ్గర రెండు ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. కొన్నిచోట్ల ఆ జంట కాస్త పైకీ కిందికీ జరిగి కనిపిస్తుంది, అదీ మామూలే. ఈ ఎదురెదురు అమరికను నోట్‌బుక్‌లో రాసుకోండి. కత్తిరింపు దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఒక ఆకు తుంచి కాడ చివర చూడండి. పాలు కారవు. అల్లమాండాలోనైతే తుంచగానే తెల్లటి పాలు వస్తాయి. ఇంత చిన్న పరీక్షతో ఎన్నో పొరపాట్లు తప్పుతాయి.

మూడో మెట్టు: ముల్లు ఎక్కడ పుట్టింది?

ఈ మొక్కలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ముల్లే. చాలామంది దాన్ని గుచ్చుకునే వస్తువుగానే చూసి వదిలేస్తారు. కాస్త ఓపిక పట్టి ఒకే కొమ్మ మీద కొస నుంచి మొదలు దాకా పది కణుపులు వరుసగా చూడండి.

కొస దగ్గరి కణుపుల్లో ఆకు మొత్తం ఉంటుంది, సెంటీమీటరు అటూఇటూ ఉండే కాడతో. కొన్ని కణుపులు కిందికి వస్తే ఆకు పండుబారి రాలడానికి సిద్ధంగా ఉంటుంది. అలాంటి ఆకును వేలితో మెల్లగా తోయండి. మామూలు మొక్కల్లో అయితే కాడతో సహా కొమ్మ దగ్గరికి ఊడివస్తుంది. ఇక్కడ అలా కాదు. కాడ మధ్యలో తెగుతుంది, కింది ముక్క కొమ్మకే ఉండిపోతుంది. ఇంకా కిందికి రండి: ఆ మిగిలిన ముక్క గోధుమరంగుకు తిరిగి గట్టిపడి, కొస సన్నబడి ఉంటుంది. మరికాస్త ముదురు భాగంలో అది కిందికి వాలిన నిక్కమైన ముల్లు. ఆకును మోసిన కాడే ముల్లయింది. అంటే ముందు వెలుతురు పట్టే పని, ఆ తర్వాత తీగను పట్టి నిలబెట్టే పని, ఒకే భాగంతో రెండూ.

ఇది నిజంగా ఆకు కాడేనని తేల్చుకోవాలంటే మొగ్గ ఎక్కడుందో చూడండి. ఏ మొక్కలోనైనా ఆకు కాడకూ కొమ్మకూ మధ్య పంగలో పక్క మొగ్గ ఉంటుంది. రాధామనోహరంలో భూతద్దం పెడితే ముల్లుకు సరిగ్గా పైన, పంగలో చిన్న మొగ్గ కనిపిస్తుంది. ముల్లు ఆకు ఉండాల్సిన చోట ఉంది కాబట్టి అది ఆకు నుంచి వచ్చిందే. ఇప్పుడు బోగన్‌విలియా, అదే కాగితం పూల తీగ, ముల్లును పక్కన పెట్టి చూడండి. అక్కడ ఆకు కింద ఉంటుంది, ముల్లు దాని పంగలోంచి వస్తుంది. అది కొమ్మే ముల్లుగా మారడం. గులాబీలో మరో కథ. అక్కడ ముల్లుకు కణుపుతో సంబంధమే లేదు, ఎక్కడపడితే అక్కడ బెరడు మీద లేచి ఉంటుంది, పక్కకు నొక్కితే ఊడి వచ్చేస్తుంది. ఈ మూడింటినీ ఒకసారి చేత్తో పట్టుకుని పోల్చినవాళ్లు మళ్లీ తికమకపడరు.

దీంతో ఒక పని ఉంది. ముళ్లు గుచ్చుకుంటున్నాయని కొందరు కొమ్మంతా గీకేస్తారు. అలా గీకితే ముల్లు పైనున్న మొగ్గ కూడా పోతుంది. రాబోయే కొమ్మను, దాని చివరి పూలగుత్తిని చేజేతులా తీసేసినట్టే. మనుషులు తిరిగే వైపున మాత్రం ముల్లు కొస ఒక్కటీ కత్తెరతో తుంచండి, చాలు.

నాలుగో మెట్టు: మూడు రోజుల పువ్వు

పగలు చూస్తే గుత్తిలో తెలుపు, గులాబి, ఎరుపు పూలు కలిసి వేలాడుతుంటాయి. మూడు రకాల పూలు అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒకే పువ్వు మూడు రంగులూ మారుతుందని చదవడం వేరు, కళ్లతో చూడటం వేరు. చూసే పద్ధతి ఇది.

పొద్దు వాలకముందే గుత్తి దగ్గరికి వెళ్లండి. ఉబ్బి, తెరుచుకోవడానికి సిద్ధంగా ఉన్న మొగ్గలు ఐదారు ఎంచుకుని వాటి గొట్టాలకు ఒకే రంగు దారం వదులుగా కట్టండి. బిగిస్తే గొట్టం నలిగి పువ్వు వాడిపోతుంది. మసకచీకటి పడే వేళకు అవి విచ్చుకుంటాయి. రేకులు తెలుపు. పువ్వు అడ్డంగా, బయటికి చూస్తున్నట్టు నిలుస్తుంది. వాసన అప్పుడు బాగా ఉంటుంది. రెండో రోజు వాసన చూస్తే అంత ఉండదు. రెండో రోజు సాయంత్రం కొత్తగా విచ్చేవాటికి రెండో రంగు దారం, మూడో రోజు మూడోది. అలా చేస్తే మూడో రోజు రాత్రికి ఒకే గుత్తిలో మూడు వయసుల పూలు దారపు రంగులతో సహా పక్కపక్కనే ఉంటాయి. మొదటివి ఎరుపు, మధ్యవి గులాబి, కొత్తవి తెలుపు. రంగుతోపాటు వంపు కూడా రాసుకోండి: అడ్డంగా ఉన్న పువ్వు వయసుతోపాటు కిందికి వేలాడుతుంది. ఎండ, వేడిని బట్టి రంగు మారే వేగం కాస్త అటూఇటూ అవుతుంది కాబట్టి గంటలు లెక్కపెట్టడం కంటే ఉదయం, సాయంత్రం చూసి రాయడం మేలు.

ఎందుకిలా? తెల్లరంగు, రాత్రి వాసన, పొడవైన సన్నటి గొట్టం, ఈ మూడూ కలిస్తే అది హాక్‌మాత్ అనే చిమ్మటల కోసం తయారైన పువ్వు. అవి గాల్లో ఒకచోట నిలబడి ఎగురుతూ, పొడవాటి గొట్టం లాంటి నాలుకను లోపలికి దించి తేనె తాగుతాయి. తేనె ఉండేది గొట్టం అడుగున. పొట్టి నాలుక ఉన్నవాటికి అందదు. తెల్లారి రేకులు గులాబి, ఎరుపు రంగులకు తిరిగాక తేనెటీగలు, సీతాకోకచిలుకలు, తేనెపిట్టలు వస్తాయి. అంటే ఒకే పువ్వు రాత్రి అతిథులకొకలా, పగటి అతిథులకొకలా కనిపిస్తోంది. రేకుల్లో ఎర్రటి ఆంథోసయనిన్ వర్ణకం చేరడం వల్ల వచ్చే మార్పు ఇది. ముసలి పువ్వు రాలిపోకుండా గుత్తిలోనే ఉండటం వల్ల గుత్తి దూరానికి నిండుగా కనిపిస్తుంది. మీరు చూడదలిస్తే దీపం పువ్వు మీద వేయకుండా, కాస్త దూరంగా, మసక వెలుతురులో కదలకుండా కూర్చోండి. వెలుగు ఎక్కువైతే చిమ్మటలు దీపం దగ్గరికే పోతాయి.

రోజు గడిచేకొద్దీ రంగు మారే పూలు ఇంకా ఉన్నాయి. చెట్టు మందారం (హైబిస్కస్ మ్యూటబిలిస్)లో తెల్లగా విచ్చిన పువ్వు సాయంత్రానికి ఎరుపెక్కుతుంది. కాబట్టి రంగు మార్పు ఒక్కటే చూసి రాధామనోహరమని తేల్చేయొద్దు. గొట్టం కూడా చూడాలి.

ఐదో మెట్టు: పువ్వును నిలువునా కోయడం

గులాబి రంగులో ఉన్న పువ్వు ఒకటి గొట్టం తెగకుండా, అడుగు దాకా తుంచండి. ముందు స్కేలు పక్కన పెట్టి కొలవండి. సన్నటి ఆకుపచ్చ గొట్టం 5 నుంచి 9 సెంటీమీటర్లు ఉంటుంది. చాలామంది దీన్ని కాడ అనుకుంటారు. కాడ కాదు, అది పువ్వులో భాగమే. పువ్వుకు అసలు కాడ దాదాపు లేనట్టే. గొట్టం పైఅంచున ఐదు చిన్న ముక్కోణపు పళ్లు కనిపిస్తాయి, అవి రక్షక పత్రాలు. వాటి మధ్యలోంచి ఐదు రేకులు.

ఇప్పుడు పువ్వును తెల్లకాగితం మీద పెట్టి, కొత్త బ్లేడుతో గొట్టాన్ని పైనుంచి కిందికి నిలువునా చీల్చండి. తొందర వద్దు, గొట్టం సన్నం, బ్లేడు పక్కకు జారుతుంది. రెండు సగాలనూ విప్పి భూతద్దం పెట్టండి. మూతి దగ్గర పది కేసరాలు రెండు వరుసల్లో ఉంటాయి, ఐదు కాస్త పైన, ఐదు కాస్త కింద. అడుగు నుంచి సన్నటి దారంలాంటి కీలం, అంటే పువ్వులోని ఆడ భాగపు కాడ, పైకి వస్తుంది. దాన్ని సూది మొనతో కదపండి. కొంత మేర కదలదు, ఎందుకంటే అక్కడ అది గొట్టం గోడకే అతుక్కుని ఉంది. పైభాగం మాత్రమే విడిగా ఊగుతుంది. ఈ మొక్కకు గట్టి ఆనవాళ్లలో ఇదొకటి. చూడగలిగితే చాలా తృప్తిగా ఉంటుంది.

గొట్టం అట్టడుగున కాస్త ఉబ్బిన చోటును అడ్డంగా కోయండి. అది అండాశయం. లోపల ఒకే గది, పైనుంచి వేలాడే కొన్ని అండాలు. రేకులు, రక్షక పత్రాలు, కేసరాలు అన్నీ అండాశయానికి పైన ఉన్నాయి కదా, దీన్నే నిమ్న అండాశయం అంటారు. జామ, దానిమ్మ పూలలోనూ అంతే. అందుకే ఆ కాయల కొసన కిరీటంలా పూల అంచు మిగిలిపోతుంది.

మీ పువ్వులో రేకులు ఐదు కాకుండా ముద్దగా, గుత్తులుగా ఉన్నాయా? అయితే మీది ముద్ద రకం. కేసరాలు రేకులుగా మారిన రూపం అది. కోసి చూస్తే సగం రేకు, సగం కేసరంగా ఉన్నవి కూడా దొరకొచ్చు. ముద్ద రకం నిండుగా ఉంటుంది కానీ కాయ పట్టేది చాలా అరుదు. కాయ కోసం ఎదురు చూడకండి. చదువుకోవడానికి మాత్రం ఐదు రేకుల రకమే మంచిది.

ఆరో మెట్టు: కాయ

కాయ 2.5 నుంచి 4 సెంటీమీటర్ల పొడవు, రెండు కొసలా సన్నగా, నిలువునా ఐదు పదునైన అంచులతో ఉంటుంది. లేతగా ఉన్నప్పుడు ఎరుపు కలిసిన రంగు, పండాక ముదురు గోధుమ నుంచి నలుపు. ఎండిన కాయను సన్న రంపంతోనో గట్టి చాకుతోనో అడ్డంగా కోస్తే ఐదు మూలల నక్షత్రం, మధ్యలో ఒకే గింజ. తెల్లమద్ది కాయ దొరికితే పక్కన పెట్టి చూడండి. దానికీ నిలువునా ఐదు రెక్కలే. పువ్వులు చూస్తే ఏ సంబంధమూ కనిపించని చెట్టు, తీగ కాయ దగ్గర చుట్టాలని తేలిపోతాయి.

గింజను రుచి చూడొద్దు, పిల్లల చేతికి ఇవ్వొద్దు. నులిపురుగుల మందుగా చైనా వైద్యంలో దీనికి పాత పేరుంది. అందులోని క్విస్‌క్వాలిక్ ఆమ్లం నాడీకణాల మీద పనిచేసే పదార్థం. మోతాదు మించితే ఎక్కిళ్లు, వికారం, వాంతులు, తల తిరగడం వస్తాయి. మందు అన్నారు కదా అని ఇంట్లో ప్రయోగాలు చేయకండి.

పోలికలు తేల్చుకోవడం

హనీసకిల్ తీగతో పొరపడే అవకాశం ఎక్కువ. దానికీ ఆకులు ఎదురెదురే, పువ్వు గొట్టమే, రాత్రి వాసనే, రంగు మార్పే. కానీ అది తెలుపు నుంచి పసుపుకు పోతుంది, ఎరుపుకు కాదు. పువ్వు మూతి రెండు పెదవులుగా చీలి ఉంటుంది. ముళ్లు ఉండవు. కాగితం పూల తీగలో ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. రంగుగా కనిపించేవి రేకులు కావు, పువ్వును చుట్టిన పత్రాలు. మాధవీలత రేకుల అంచులు కుచ్చులుగా ఉంటాయి, కాయకు మూడు రెక్కలు. పూలు లేని కాలంలో మీ దగ్గరుండేవి ఎదురెదురు ఆకులు, పాలు లేకపోవడం, కాడ నుంచి వచ్చిన ముల్లు. ఈ మూడూ కలిస్తే దాదాపు ఖాయం.

నమూనా దాచుకోవాలంటే రెండు కణుపులు, ఒక గుత్తి ఉన్న కొమ్మను పాత వార్తాపత్రికల మధ్య పరచి పైన బరువు పెట్టండి. మొదటి వారం రోజూ కాగితం మార్చండి. ఎండాక రంగులు వెలిసిపోతాయి, అందుకే ఏ పువ్వు ఏ రంగులో ఉందో కోసిన రోజే రాసి పెట్టుకోవాలి.

ఇప్పుడు చెయ్యి పెట్టండి

ఆధారం. గోడకు కనీసం అరచేయంత దూరంలో గట్టి జాలీ లేదా తీగలు బిగించండి. వెనక చెయ్యి దూరాలి, గాలి ఆడాలి. చెక్కబారే తీగ కాబట్టి ఏటేటా బరువు పెరుగుతుంది. సన్నటి వెదురు పుల్లలు మొదటి రెండేళ్లు బాగానే ఉన్నా తర్వాత ఒరిగిపోతాయి. ఇనుప పందిరి, గట్టి కమాను అయితే నిశ్చింత. చిన్న చెట్ల మీదికి మాత్రం ఎక్కనివ్వకండి. పైన పరుచుకుని ఆ చెట్టుకు ఎండ లేకుండా చేస్తుంది.

కట్టడం. గుడ్డ పీలిక లేదా జనపనార తాడు తీసుకుని ఆధారానికీ కొమ్మకూ మధ్య ఒకసారి మెలివేసి, ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. ఇనుప తీగతో కడితే కాండం లావెక్కే కొద్దీ బెరడులోకి దిగబడి ఆ కొమ్మ పైభాగం క్షీణిస్తుంది. ఏడాదికోసారి కట్లన్నీ విప్పి మళ్లీ కట్టండి. కట్టేటప్పుడు కొమ్మలను నిట్టనిలువుగా పోనివ్వకుండా వీలైనంత అడ్డంగా వంచండి. నిలువు కొమ్మలో కొస మొగ్గ కింది మొగ్గలను అణిచిపెడుతుంది, పెరుగుదలంతా పైకే పోతుంది. అడ్డంగా వంచితే ఆ పట్టు సడలి కణుపు కణుపుకీ పక్క కొమ్మలు లేస్తాయి. పువ్వు వచ్చేది ఆ కొమ్మల చివరే కాబట్టి, పందిరి పైన మాత్రమే పూసి కింద బోసిగా ఉందన్న బాధ తగ్గుతుంది.

ఎండ, నీళ్లు, ఎరువు. పూర్తి ఎండలో పువ్వు బాగా వస్తుంది, కాసింత నీడ ఓర్చుకుంటుంది. మంచు గడ్డకట్టే చలి తగిలితే పైభాగం చచ్చిపోతుంది. నీరు నిలవని నేల కావాలి. ఎరువు విషయంలో ఒకటే మాట: ఆకులు పెద్దగా, ముదురు పచ్చగా ఉండి పువ్వు లేదంటే నత్రజని ఎక్కువైందేమో అనుకుని యూరియా ఆపండి. కంపోస్టు చాలు.

కత్తిరింపు. చాలామంది పువ్వులు పోగొట్టుకునేది ఇక్కడే. పూస్తున్న కొమ్మ ఒకటి చూడండి. గుత్తి ముదురు చెక్క మీద లేదు, ఈ ఏడాది వచ్చిన లేత కొమ్మ కొసనో, దాని ఆకు పంగలోనో ఉంది. అంటే చిగుళ్లు సాగే కాలంలో ‘షేపు’ కోసం కొసలు తుంచుతూ ఉంటే, రావాల్సిన గుత్తులనే తుంచుతున్నట్టు. రెండో ప్రశ్నకు జవాబు చాలా తోటల్లో ఇదే. పూత పెద్ద విడత ముగిశాక, కొత్త చిగుళ్లు మొదలవకముందు కత్తిరించండి. ముందుగా ఎండిన కొమ్మలు, ఆ తర్వాత ఒకదాన్నొకటి ఒరుసుకునేవి, ఆఖరున మిగిలిన వాటిని పొడవులో మూడో వంతు. బాగా ముసలైపోయిన తీగను తిరిగి లేపాలంటే లావు కాండాలన్నీ ఒకేసారి నరకకుండా ఏటా కొన్ని చొప్పున నేల దగ్గరికి తీయడం నయం. ఆ ఏడాది పూత పూర్తిగా పోకుండా ఉంటుంది.

కత్తెర ఎక్కడ? ఆకులు ఎదురెదురు అని రాసుకున్నారు కదా. ఒక కణుపులో రెండు మొగ్గలు ఒకే ఎత్తులో ఉంటాయి. కణుపుకు అర సెంటీమీటరు పైన, ఏటవాలుగా కాకుండా సాఫుగా అడ్డంగా కోయండి. ఏటవాలుగా కోస్తే ఒక మొగ్గకు మరీ దగ్గరగా పోయి అది ఎండిపోవచ్చు. జంట కాస్త పైకీ కిందికీ జరిగి ఉన్నచోట పై మొగ్గను లెక్కలోకి తీసుకోండి. ఒక కోత నుంచి రెండు కొమ్మలు వస్తాయి కాబట్టి ఎక్కడ గుబురు కావాలో అక్కడే కోయండి. ఇప్పటికే గుబురుగా ఉన్నచోట కొసలు తుంచడం కంటే ఆ కొమ్మను మొదట్లోకే తీసేయడం మంచిది.

పిలకలు. నాటిన చోటికి దూరంగా నేలలోంచి కొత్త మొక్కలు లేస్తున్నాయంటే అవి వేళ్ల నుంచి వచ్చే పిలకలు. పైన కత్తిరిస్తే ఆగవు, ఇంకా గుబురవుతాయి. మట్టి తవ్వి వేరుకు అతికిన చోటు దాకా వెళ్లి అక్కడ లాగి తీయాలి. వారానికోసారి చుట్టూ ఓ చూపు వేస్తే లేతగా ఉన్నప్పుడే చేత్తో వచ్చేస్తాయి. కొన్ని ఉష్ణమండల ప్రాంతాల్లో ఇది తోటలు దాటి పొదల్లోకి పాకిపోయింది కాబట్టి, తీసిన పిలకలను బయట ఖాళీ స్థలంలో పారేయకండి. స్థలం తక్కువైతే మొదటి నుంచే పెద్ద కుండీలో పెంచండి. కుండీ అడుగు రంధ్రంలోంచి వేరు నేలలోకి దిగకుండా కింద రాయి పెట్టండి.

కొత్త మొక్కలు. అన్నిటికంటే సులువు, వేళ్లున్న పిలకను వేరు తెగకుండా తీసి వేరేచోట నాటుకోవడం. కొమ్మలతో చేయాలంటే మరీ లేతా, మరీ ముదురూ కాని పెన్సిలంత కొమ్మను మూడు నాలుగు కణుపులుండేలా 15 నుంచి 20 సెంటీమీటర్లు కోసి, కింది ఆకులు తీసి, ఒక కణుపు ఇసుక కలిసిన మట్టిలో మునిగేలా గుచ్చండి. నీడలో ఉంచి తేమ ఆరనివ్వకండి. వేలాడే కొమ్మ నేలకు అందితే కణుపు కింద బెరడు కాస్త గీసి మట్టిలో పూడ్చి రాయి పెట్టినా వేళ్లు పుడతాయి. వేళ్లు గట్టిపడ్డాకే తల్లి నుంచి వేరు చేయాలి.

గింజ నుంచి కూడా పెంచవచ్చు, బాగా పండి రాలిన కాయలు తీసుకోండి. మొలక వచ్చాక మొక్క కొన్ని నెలలు తీగలా అస్సలు కనిపించదు. నిటారుగా, పొదలా ఉంటుంది. ఏదో వేరే మొక్క మొలిచిందని పీకేయకండి. కుదురుకున్నాక మొదలు దగ్గర్నుంచి ఒక పొడవాటి కొమ్మ మిగతావాటిని దాటుకుని సాగుతుంది. ఎక్కే కొమ్మ అదే. దాన్ని తుంచకుండా ఆధారం మీదికి మళ్లించి మొదటి కట్టు వేయండి.